కట్ట మీద క్లబ్బు, కట్ట కింద మిల్లు

ఆదివారం వస్తే మన పేటలవాళ్లు పిల్లల్ని తీసుకుని తలావ్ కాడికి పోతారు. బోటు ఎక్కుతారు, భేళ్ తింటారు, చల్లగాలికి గట్టు మీద కూర్చుంటారు. చాలా ఊళ్లలో ఆ గట్టుకు ఇప్పుడు టైల్స్ పరిచి, దీపాలు పెట్టి, వాకింగ్ ట్రాక్ అని పేరు పెట్టారు. పేరు మారేసరికి దాని పనేమిటో కూడా మరిచిపోయాం. అది నీళ్లను పట్టి నిలబెట్టే మట్టికట్ట. ఇటు పక్క బోట్లు తిరిగే నీళ్లు, అటు పక్క పల్లంలో ఇళ్లు. ఆ పల్లపు ఇళ్లలో ఎక్కువగా ఉండేది మనలాంటివాళ్లే. ఎత్తు మీది జాగాలు ఎప్పుడూ ఖరీదే కదా!

నేను మిల్లులో బాయిలర్ ఖాతాలో పనిచేసినవాణ్ని. బాయిలర్‌కు సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ప్రెషర్ గీత దాటితే దానంతట అదే తెరుచుకుని ఆవిరిని బయటికి వదులుతుంది. దాన్ని కట్టేసి బాయిలర్ నడిపినవాణ్ని ఏ ఖాతాలోనూ ఉండనివ్వరు. ఏడాదికోసారి బాయిలర్‌ను చల్లార్చి, మూత తెరిచి, సర్కారు ఇన్‌స్పెక్టర్‌కు లోపలంతా చూపించాలి. సర్టిఫికెట్ చేతికి రాకుండా నిప్పు పెట్టడానికి లేదు. అందుకని ఏ కట్టను చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే: నీళ్లు ఎక్కువైతే దీనికి దారేది?

ఆ దారులన్నీ ఒక్కొక్కటే మూసేస్తే ఏమవుతుందో చెప్పే కట్ట ఒకటి అమెరికాలో ఉండేది. నూట ముప్పై ఏళ్లు దాటిన సంగతి, ఏడు సముద్రాల అవతలి సంగతి. అయినా కట్ట మీద షికారు చేసినవాళ్లు మిల్లుల యజమానులు, కట్ట కింద బతికినవాళ్లు మిల్లు కార్మికులు. అందుకే అది మన కథే అనిపిస్తుంది నాకు.

చేపల కోసం కొన్న చెరువు

పెన్సిల్వేనియా రాష్ట్రంలో జాన్స్‌టౌన్ అనేది ఇనుము, ఉక్కు మిల్లుల ఊరు. కేంబ్రియా ఐరన్ కంపెనీ అక్కడి పెద్ద కారఖానా. వేల మందికి అదే అన్నం పెట్టేది. వేల్స్ నుంచి, జర్మనీ నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉండేవి. ఊరు చుట్టూ కొండలు, మధ్యలో రెండు నదులు కలిసే ఇరుకు లోయ. చుట్టుపక్కల పేటలన్నీ కలిపితే ముప్పై వేల జనం.

ఊరికి పైన 14 మైళ్ల దూరంలో, 450 అడుగుల ఎత్తులో సౌత్ ఫోర్క్ కట్ట ఉండేది. ఎత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. మట్టితో, రాళ్లతో కట్టినది. మొదట దాన్ని కట్టింది రాష్ట్ర సర్కారే, పడవలు నడిచే కాలువకు నీళ్లివ్వడానికి. 1853లో పని పూర్తయింది. కొద్ది రోజులకే రైలు వచ్చి కాలువతో పని లేకుండా పోయింది. కట్టను రైలు కంపెనీకి అమ్మేశారు. 1862లో ఒకసారి గండి పడింది. అప్పుడు చెరువు సగమే నిండి ఉంది కాబట్టి కింద పెద్ద నష్టం జరగలేదు. ఆ గండిని అట్లాగే వదిలేశారు.

1879లో పిట్స్‌బర్గ్ ధనవంతులు దాన్ని కొని సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. ఉక్కు రాజు ఆండ్రూ కార్నెగీ, బొగ్గు, కోక్ వ్యాపారి హెన్రీ క్లే ఫ్రిక్, బ్యాంకుల యజమాని ఆండ్రూ మెలన్ అందులో సభ్యులు. ఎండాకాలం వస్తే వాళ్ల కుటుంబాలు ఆ చెరువు ఒడ్డున బంగళాల్లో దిగేవి. పడవల మీద షికారు, చేపల వేట. చెరువు పొడవు రెండు మైళ్లు. వేటకోసం బాస్ చేపల్ని రైల్లో తెప్పించి మరీ అందులో వదిలారు.

నాలుగు చిన్న పనులు

మన ఊళ్ల చెరువులు చూసినవాళ్లకు తెలుసు, కట్టకు రెండు దారులు ఉండి తీరాలి. ఒకటి తూము. అది కట్ట అడుగున ఉంటుంది. కావలసినప్పుడు తెరిచి చెరువును ఖాళీ చేయడానికి, రిపేరు పని పడితే నీళ్లు దించడానికి అదే ఆధారం. రెండోది మత్తడి. కొందరు అలుగు అంటారు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు కట్ట మీదికి ఎక్కకుండా పక్కనుంచి పొర్లిపోయే దారి అది. రాతికట్టడం మీదనుంచి నీళ్లు పొర్లితే ఎంతో కొంత తట్టుకుంటుంది. మట్టికట్ట తట్టుకోదు. ఒక్కచోట నీళ్లు పొర్లడం మొదలైతే మట్టి కరిగి, కాలువ పడి, గంటల్లోనే గండి అవుతుంది.

క్లబ్బు కట్టను ఏం చేశారో ఇప్పుడు చూడండి.

తూము పోయింది. కట్ట అడుగున రెండేసి అడుగుల వెడల్పున్న ఇనుప పైపులు ఐదు ఉండేవి. క్లబ్బుకంటే ముందు కట్టను కొన్న ఆసామి వాటిని పీకించి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. క్లబ్బువాళ్లు కొత్తవి పెట్టలేదు. అంటే నిండిన చెరువును దించే ఉపాయం ఇక లేదు.

గండిని మట్టితో, రాళ్లతో, ఎండుగడ్డితో, గుర్రపు పేడతో పూడ్చారు. ఆ పనిమీద ఇంజనీరు లేడు. పూడ్చినచోటు తర్వాత కుంగి, కట్ట నడిమి భాగం అంచులకంటే కిందికి దిగింది. మట్టికట్ట నడుమ ఎప్పుడూ కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. కుంగిందంటే పొర్లే నీళ్లు సరిగ్గా కట్ట బాగా ఎత్తున్న చోటికే చేరతాయి.

కట్ట పైభాగాన్ని రెండు మూడు అడుగులు చెక్కేశారు. ఎదురెదురుగా రెండు గుర్రపుబండ్లు పోవడానికి దారి వెడల్పు కావాలి, అందుకని. నిండు నీటికీ కట్ట తలకూ మధ్య ఉండాల్సిన ఎడం ఆ మేరకు తగ్గిపోయింది.

చివరిది మత్తడి. కొన్న చేపలు పొర్లునీటితో కొట్టుకుపోతాయని దానికి అడ్డంగా ఇనుప జాలీ పెట్టారు. వానాకాలం వస్తే ఆ జాలీకి కొమ్మలు, ఆకులు, చెత్త చుట్టుకునేవి.

ఈ నాలుగు పనుల్లో ఒక్కటి కూడా చూడ్డానికి దుర్మార్గంలా కనపడదు. దారి వెడల్పు చేశారు, చేపల్ని కాపాడుకున్నారు, డబ్బు మిగిల్చుకున్నారు, అంతే కదా అనిపిస్తుంది. బాయిలర్ భాషలో చెప్పాలంటే మాత్రం, సేఫ్టీ వాల్వ్‌ను సగం బిగించి, బ్లోడౌన్ పైపును పీకేసి, పెచ్చుపడిన పలకకు మట్టి మెత్తారు.

మిల్లు నుంచి వెళ్లిన ఉత్తరం

ఇదంతా ఎవరికీ తెలియక జరిగింది కాదు. కేంబ్రియా కంపెనీ పెద్ద డేనియల్ మోరెల్‌కు అనుమానం వచ్చింది. 1880లో తన ఇంజనీరు జాన్ ఫుల్టన్‌ను పంపి కట్టను చూపించాడు. ఫుల్టన్ రెండు ప్రమాదాలు రాశాడు. రిపేరు చేయాలంటే నీళ్లు దించే పైపు లేదు. పూడ్చిన తీరు గట్టిది కాదు, కొత్త మట్టిని కోసుకుంటూ ఒక పెద్ద ఊట కారుతున్నది.

మోరెల్ ఆ మాటే క్లబ్బుకు రాశాడు. సరిగ్గా బాగు చేయిస్తే ఖర్చులో కొంత మా కంపెనీ పెట్టుకుంటుందని కూడా అన్నాడు. మా వల్ల మీకుగానీ మీ మనుషులకుగానీ ఏ ప్రమాదమూ లేదని క్లబ్బు అధ్యక్షుడు బెంజమిన్ రఫ్ జవాబిచ్చాడు. కంపెనీ ఇస్తానన్న డబ్బు కూడా తీసుకోలేదు. కొన్నేళ్లకు మోరెల్ పోయాడు. ఆ తర్వాత అడిగేవాడు లేడు.

ఊళ్లో జనం సంగతి వేరు. వాన పెద్దదైనప్పుడల్లా కట్ట తెగుతుందట అనే మాట పుట్టేది. తెల్లారితే ఏమీ అయ్యేది కాదు. ఏడాదికేడాది అట్లా జరిగి, చివరికి అది నవ్వులాటగా మారింది. కట్ట విషయంలో ఇదే అన్నిటికంటే చెడ్డ జబ్బు. పోయినేడు ఏం కాలేదు కాబట్టి ఈ ఏడూ ఏం కాదులే అనుకోవడం. నిరుడు నిలబడిన కట్ట ఈసారి నిరుడంత గట్టిగా ఉందో లేదో చూసిన మనిషేడీ?

1889 మే 31

ముందురోజు రాత్రంతా కుండపోత. తెల్లవారేసరికి చెరువు చూస్తుండగానే ఎక్కుతున్నది. ఆనాటి క్లబ్బు అధ్యక్షుడు ఎలియాస్ ఉంగర్ మనుషుల్ని పోగుచేశాడు. క్లబ్బులో మోరీ పైపులు వేస్తున్న ఇటలీ కూలీల్ని కూడా పిలిపించాడు. కొందరు కట్ట మీద మట్టి పోశారు. కొందరు రెండో చివరన ఇంకో మత్తడి తవ్వబోయారు, కింద గట్టి నేల తగిలింది. చేపల జాలీ తీసేయబోయారు, చెత్త ఇరుక్కుని కదల్లేదు. అక్కడే పనిలో ఉన్న కుర్ర ఇంజనీరు జాన్ పార్క్ గుర్రమెక్కి సౌత్ ఫోర్క్ ఊరికి పోయి, టెలిగ్రాఫ్ కబురు పంపమన్నాడు. కబురు కింది ఊళ్లకు పోయింది. రోజూ వినే మాటే కదా అని ఎవరూ లెక్కచేయలేదు.

మధ్యాహ్నానికి నీళ్లు కట్ట నడుమనుంచి పొర్లాయి. మూడు గంటల ప్రాంతంలో కట్ట తెగింది. రెండు మైళ్ల చెరువు ఇంచుమించు గంటలో ఖాళీ అయింది. వరద దారిలో చెట్లు, ఇళ్లు, రైలింజన్లు అన్నిటినీ ఊడ్చుకుంటూ సాయంత్రం 4:07కు జాన్స్‌టౌన్‌ను తాకింది.

ఊరికి కాస్త ఎగువన వుడ్‌వేల్ అనే పేట ఉండేది. అక్కడ కంపెనీ ఉన్ని బట్టల మిల్లు. సుమారు వెయ్యి జనమున్న ఆ ఒక్క పేటలోనే 314 మంది పోయారు. తీగల కారఖానా నుంచి కొట్టుకొచ్చిన ముళ్లతీగ చుట్టలు విప్పుకుని మనుషుల్ని, కలపను కలిపి చుట్టేశాయి. అదంతా రాతి వంతెనకు అడ్డంపడి, రాత్రికి నిప్పంటుకుంది. మొత్తం చావులు 2,209. పదేళ్లు, అంతకు లోపు పిల్లలే 396 మంది. 99 కుటుంబాల్లో ఒక్కరు కూడా మిగల్లేదు. 777 మంది ఎవరో కూడా తెలియకుండా మట్టిలో కలిశారు.

ఆ రోజు పనికొచ్చిన హెచ్చరిక ఒకటుంది. జాన్ హెస్ అనే రైలు డ్రైవరు ఎగువన వరద మోత విని, తన ఇంజన్ ఈలను ఆగకుండా మోగేటట్టు కట్టేసి, బండిని వెనక్కి తోలుకుంటూ ఈస్ట్ కోనెమా పేటదాకా వచ్చాడు. ఆ కూత విని కొండెక్కినవాళ్లు బతికారు. మిల్లు ఊళ్లలో జనం కాగితం నమ్మకపోవచ్చు, భోంగాను నమ్ముతారు.

దైవం మీదికి నెట్టేశారు

క్లబ్బు మీద కేసులు పడ్డాయి. ఒక్క డాలరు నష్టపరిహారం కూడా రాలేదు. అది దైవఘటన, మనిషి చేతిలో లేనిదని తేల్చారు. నీటిపారుదల తెలిసిన ఇంజనీర్ల సంఘం 1891లో ఇచ్చిన నివేదిక కూడా, కట్టను మార్చకపోయినా ఆ వానకు తెగేదే అన్నది. మళ్లీ 2016లో పరిశోధకులు కొలతలు తీసి లెక్కలు కట్టి, ఆ మాటను తప్పుపట్టారు. పైభాగం చెక్కకుండా, మొదటి కట్టడం ఉన్నట్టే ఉంచితే ఆ వాననూ కట్ట తట్టుకునేదని చెప్పారు. నిజం కాగితం మీదికి రావడానికి 127 ఏళ్లు పట్టింది.

ఇంగ్లండులో అప్పటికే వేరే తీర్పు ఉంది. లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని తన మిల్లు నీళ్లకోసం చెరువు తవ్విస్తే, ఆ నీళ్లు పక్కవాడి బొగ్గు గనిలోకి పోయాయి. 1868లో అక్కడి పెద్ద కోర్టు, ప్రమాదమైన దాన్ని తన జాగాలో తెచ్చిపెట్టుకున్నవాడే దాని నష్టానికి బాధ్యుడని చెప్పింది. పెన్సిల్వేనియా కోర్టులు ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. మన దేశంలో అది చెల్లుతుంది. అయితే దైవఘటన అనే సాకుకు అందులో కూడా చోటుంది. ఆ సాకు నిలబడకుండా చేసేది ఒక్కటే, ప్రమాదం ముందే తెలుసని చూపించే తారీఖు ఉన్న కాగితం.

మన దగ్గరి కట్టలు

2019 జూలై 2 రాత్రి రత్నగిరి జిల్లాలో తివరే కట్ట తెగింది. చిన్న కట్ట, కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. కట్ట కారుతున్నదని ఊరివాళ్లు ముందే చెప్పుకున్నారు. తెగిన తర్వాత అప్పటి మంత్రి ఒకరు ఎండ్రకాయలు తొలిచాయన్నారు. ఎండ్రకాయలు, ఎలుకలు, పందికొక్కులు కట్టను తొలుస్తాయి, అది నిజమే. అందుకే చూసే మనిషి కావాలి.

2021 నవంబర్‌లో కడప జిల్లా చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉండింది. అదే నెలలో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట పడింది. అక్కడ దాన్ని వెంటనే చూశారు. కింది పల్లెల్ని ఖాళీ చేయించారు, రాత్రీపగలూ ఇసుక బస్తాలతో పూడ్చారు. వందల ఏళ్లనాటి ఆ కట్ట నిలిచింది. రెండుచోట్లా కురిసింది ఆ నెల వానలే. వేళకు చూసిన కన్ను, వేళకు వచ్చిన మనిషి ఉంటే కట్ట దక్కుతుందని రాయలచెరువు చూపించింది.

షోలాపూర్‌కు ఉత్తరాన హిప్పర్గా దగ్గర ఎక్రుఖ్ తలావ్ మనవాళ్లందరికీ తెలిసిందే. 1871లో పూర్తయిన మట్టికట్ట, 21 మీటర్ల ఎత్తు, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. సౌత్ ఫోర్క్ కట్ట కూడా ఇంచుమించు అంతే ఎత్తు. దానికి ఏదో అయిందని నేను అనడం లేదు. నూట యాభై ఏళ్లు నిలిచిందంటే తరతరాలుగా ఎవరో చూసుకున్నారనే అర్థం. అంత కట్టకు ఎంత కాపలా కావాలో తెలియాలనే చెబుతున్నాను.

2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి కట్టను తనిఖీ చేయించాలి. అయితే ఆ చట్టం 15 మీటర్లకంటే ఎత్తున్నవాటికి వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల ఎత్తున్నవైతే పొడవు, నీటి నిల్వ వంటి షరతులు చూస్తారు. ఊరి మధ్యలో బోటు షికారుకు ఉంచిన చిన్న చెరువు చాలాసార్లు ఆ లెక్కలోకి రాదు. బాయిలర్‌కున్న సర్టిఫికెట్ దానికి లేదు. వెనక ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము తెరిచేవాడు, మూసేవాడు, వానరాత్రి లాంతరు పట్టుకుని కట్టంతా తిరిగేవాడు. కట్ట మైసమ్మకు ఏడాదికోసారి బోనం తీసుకుపోయినప్పుడు ఊరు ఊరంతా కట్ట మీద నడిచేది. పట్నపు తలావ్ దగ్గర ఇప్పుడు టికెట్లు చింపే మనిషి ఉన్నాడు, నీరటి లేడు.

మనం చూడాల్సినవి

ఈ పనికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. పెద్ద వానలు పడకముందు ఒకసారి, పడ్డాక ఒకసారి కట్టకు పల్లం వైపు కాలినడకన తిరగండి.

కట్ట అడుగున తడి ఎక్కడుందో చూడండి. తేట నీళ్లు కొద్దిగా ఊరడం చాలా కట్టలకు మామూలే. నీళ్లు బురద రంగులో వస్తే, లేదా నిన్నటికంటే ఇవాళ ఎక్కువగా వస్తే, అది కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టు లెక్క. బుంగ పడటానికి అదే మొదలు. ఒక్క గంట కూడా ఆగకుండా చెప్పాల్సిన సంగతి అది.

పైభాగం ఒకే మట్టంలో ఉందా, ఎక్కడన్నా కుంగిందా చూడండి. టైల్స్ వరుస వంకరపోతే కింది మట్టి కదిలిందేమో అనుమానించాలి. పొడుగునా పగుళ్లు, వాలు జారిన గుర్తులు, కన్నాలు ఉన్నాయా చూడండి. కట్ట మీద పెద్ద చెట్లు నీడకు బాగుంటాయి. చెట్టు చచ్చి వేరు కుళ్లితే లోపల గొట్టంలా దారి పడుతుంది. మొలకగా ఉన్నప్పుడే పీకాలి. పెద్దదైతే నరికి వదిలేయకుండా తెలిసినవాళ్లను అడగాలి.

మత్తడి దగ్గర జాలీ, గేటు, చెత్త, బోటు జెట్టీ, దుకాణం ఏదైనా అడ్డముందా? మత్తడి దాటిన నీళ్లు పోయే నాలా ఎక్కడిదాకా తెరిచి ఉంది? దాని మీద ఇళ్లు లేచాయా? లేచినవి మనవాళ్లవే అయినా ఈ మాట చెప్పుకోక తప్పదు.

చూసింది చూసినట్టు ఫొటో తీసి, కార్పొరేషన్‌కు అర్జీ రాసి, ఆవక్ నంబర్ వేయించుకోండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద ఐదు ప్రశ్నలు అడగండి. ఈ కట్ట ఎవరి ఆధీనంలో ఉంది? చివరిసారి ఏ తారీఖున, ఏ ఇంజనీరు తనిఖీ చేశాడు? తూము పనిచేస్తుందా, ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు? మత్తడి నీళ్లు ఏ దారిన పోతాయి? ప్రమాదం వస్తే కింది పేటలకు ఎవరు, ఎట్లా కబురు చేస్తారు?

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. షోలాపూర్‌లో పెద్ద వానలు సెప్టెంబర్‌లో పడతాయి కాబట్టి జూన్‌లోనే అడిగితే పనికి వేళ ఉంటుంది. ఆ ఐదో ప్రశ్నను మాత్రం వదలకండి. మన మిల్లుల భోంగాలు మూగబోయి ఏళ్లవుతున్నది. అర్ధరాత్రి నీళ్లొస్తే పేటను లేపే కూత ఏదో, దాన్ని మోగించే మనిషి ఎవరో ఇప్పుడే తేల్చుకోవాలి.